నాలుగు దుకాణాలు, ఒక పద్దు

రాత్రి పదకొండుకు
స్టేషన్ రోడ్డు షట్టర్లన్నీ దిగినాక
మా లెక్కలు ప్రయాణం కడతాయి
నర్సంపేటకు, జనగామకు, భూపాలపల్లికి.
టికెట్టు లేదు, సంచి లేదు.
ఇక్కడి వరుస ఇక్కడే ఉండి
అక్కడ కూడా ఉంటుంది.

మొదట్లో ఓదెలు సేటుకు ఇది చెప్పలేక చచ్చాను.
"పంపిన అంటవ్, మల్ల ఈడ్నే ఉన్నదంటవ్.
పైసలైతే గట్ల కావు గదా!"
కావు.
అందుకే పైసలు ఆయన లెక్కపెడతాడు,
పైసల గురించిన మాటలు నేను చూసుకుంటాను.

మోటార్లు, బేరింగులు, స్టార్టర్ డబ్బాలు,
నల్ల పైపు చుట్టలు:
సరుకుల పట్టిక అందరికీ ఒకటే.
ధరలు వరంగల్‌లోనే మారాలి,
మిగతావాళ్ళు చదువుకోవచ్చు, చెయ్యి పెట్టకూడదు.
ఉద్దెర పట్టిక ఒక్కటే నలుగురం రాసేది,
అన్నదమ్ముల ఉమ్మడి బావి లాంటిది,
వంతు ఎవరిదో తేలక
గొడవలన్నీ అందులోనే ఊరతాయి.

ఆ వానాకాలం వాగు పొంగి
రోడ్డుతో పాటు కేబులూ పోయింది.
నాలుగు రోజులు భూపాలపల్లి ఒంటరిది.
అక్కడ ఐలేష్, గిరాకీ లేక, ఈగలు లేక,
భూక్యా వాల్యా ఫోన్ నంబరులో
ఒక అంకె తప్పుందని దిద్దాడు.
పుణ్యానికే.
అది మంగళవారం.

బుధవారం వాల్యా నర్సంపేట వచ్చి
నాలుగు వేల మూడు వందల యాభై
షాహీన్ ముందు పెట్టాడు.
ఆమె బాకీ దగ్గర సున్నా చుట్టింది.
ఆ రాత్రే సున్నా వరంగల్ చేరింది, జనగామ చేరింది.
వాగు దాటలేదు.

ఇంకొక్క సంగతి:
కరెంటు పోయి వచ్చినప్పుడల్లా
ఐలేష్ కంప్యూటరుకు మతి ఉండేది కాదు.
లోపలి బిళ్ళ సెల్లు చచ్చింది.
పిల్లగాడు గోడ మీది క్యాలెండరు చూసి
చేత్తో తేదీ పెట్టాడు, రెండు రోజులు ముందుకు.
ఆ డబ్బా లెక్కన మంగళవారమే గురువారం.

ఐదో రోజు తీగ అతికింది.
రెండు వాల్యాలు ఎదురెదురు పడ్డారు.
అలాంటప్పటికి నేను రాసిపెట్టిన ధర్మం ఒకటే:
చివర రాసినవాడిదే గెలుపు.
ఫోన్ నంబరు గెలిచింది,
దాని చెయ్యి పట్టుకొని అప్పు కూడా లేచి వచ్చింది.
తెల్లారేసరికి నాలుగు చోట్లా
అక్షరం తేడా లేకుండా ఒకటే అబద్ధం.
అన్నీ సరిపోలాయని
నేను చాయ్ తాగాను.

కూతురింటికి పోయిన వాల్యా
జనగామలో కెపాసిటర్ అడిగితే
బాకీ ఉన్నదన్నారట.
అరవలేదు. బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు.
బనీను జేబులోంచి ప్లాస్టిక్ కవరు,
కవరులోంచి చీటీ,
షాహీన్ చేతిరాత, వానకు అంచు అలికిన నీలి ఇంకు.
"మీకు నాల్గు పుస్తకాలున్నయ్ సారూ.
నాకిదొక్కటే.
గందుకే పైలంగ దాసుకున్న."

నాకు నోరు పెగల్లేదు.
కెపాసిటర్ ఇచ్చాం. పైసలు తీసుకున్నాం.
ఇంకో చీటీ రాసిచ్చాం.

ఆ రాత్రి ధర్మం మార్చాను.
బాకీ ఎంత అని ఎవరూ రాయొద్దు.
తీసుకున్నది ఇంత, ఇచ్చింది ఇంత,
ఏ రోజు, ఏ దుకాణంలో,
ఒక్కో వరుస కింద ఇంకో వరుస.
దిద్దుడు లేదు, కొట్టివేత లేదు,
మొత్తం ఎవరికి వారు కూడుకోవాలి.
సేటు కళ్లద్దాలు పైకి తోసి చూసి
"మా నాయిన ఎర్రబట్ట చిట్టాల గిట్లనే రాసెటోడు" అన్నాడు.
పదకొండేళ్ల నా నౌకరీ
ఒక్క మాటతో పాతబడింది.

తెల్లారి పోచమ్మ మైదాన్‌లో
గడియారాలు బాగుచేసే ముసలాయన దగ్గర
ముప్పై రూపాయలకు బిళ్ళ సెల్లు కొని
పొట్లం కట్టి, మీద ఐలేష్ పేరు రాసి
భూపాలపల్లి బస్సు కండక్టరు చేతిలో పెట్టాను.

బస్సు కదిలింది.
సెల్లు పోయింది,
నా దగ్గర ఇక లేదు.
సాయంత్రం ఐలేష్ ఫోన్ చేశాడు:
"ముట్టింది."